శనిగ్రహం పెద్దాయన డిస్కో స్టూడియోకొచ్చిన రాత్రి

1978 జూలై 17. న్యూయార్కులో బ్లాంక్ టేప్స్ అని ఓ రికార్డింగ్ స్టూడియో. ఓనరూ, ఇంజినీరూ ఒక్కడే, బాబ్ బ్లాంక్. ఆ రోజుల్లో అక్కడ జోరుగా తయారయ్యే సరుకు డిస్కో. ఆ రాత్రి పదిహేనుమంది దాకా ఉన్న ఓ బ్యాండు, వాళ్ళ వెనకాల 64 ఏళ్ళ నాయకుడు ఆ స్టూడియోలోకొచ్చారు. తెల్లారేలోపు ఒక ఆల్బమ్ అయిపోయింది. అయిదు ట్రాకులు, ముప్పావుగంటకి కాస్త తక్కువ. పేరు 'లాంక్విడిటీ'. ఈ మాట కోసం ఇంగ్లీషు నిఘంటువు తిరగెయ్యకండి, దొరకదు. ఒళ్ళు వాలిపోతున్న బద్ధకానికి ఒక మాటా, ద్రవానికి ఒక మాటా ఉన్నాయి కదా, ఆ రెండిటినీ కలిపి నూరినట్టుంటుంది. వింటే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

ఆ నాయకుడి పేరు సన్ రా. "నేను భూమ్మీద పుట్టలేదు, శనిగ్రహం నుంచి వచ్చాను" అని జీవితాంతం చెప్పుకున్న మనిషి. మనవైపు ఎవరైనా అలా అంటే వెంటనే శనివారం తైలాభిషేకం చేయించుకోమంటారు :) అమెరికాలో మాత్రం దాన్ని కొంతమంది పిచ్చి అన్నారు, కొంతమంది వేషం అన్నారు. నా మటుకు నాకు రెండూ కాదనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఈయన భూలోకపు బయోడేటా చూడాలి.

అసలు పేరు హెర్మన్ పూల్ బ్లౌంట్. 1914 మే 22న అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. బ్లాక్ హెర్మన్ అని అప్పట్లో ఓ పేరున్న నల్ల ఇంద్రజాలికుడు ఉండేవాడు, తల్లి ఆ పేరు పెట్టింది. బర్మింగ్‌హామ్ ఉక్కు ఊరు. రైల్వే స్టేషను దగ్గర 'మ్యాజిక్ సిటీ' అని పెద్ద బోర్డు కూడా ఉండేది. అదే ఊళ్ళో నల్లవాళ్ళకి బడి వేరు, బస్సులో సీటు వేరు, నీళ్ళ కుళాయి వేరు. 1942లో యుద్ధానికి రమ్మంటే ఈయన రానన్నాడు, మనుషుల్ని చంపనన్నాడు. జైల్లో పెట్టారు. తర్వాత పెన్సిల్వేనియాలో ఓ శిబిరానికి పంపారు. 1943లో ఆరోగ్యం బాలేదని వదిలేశారు. యుద్ధం అయ్యాక షికాగో వెళ్ళిపోయాడు. 1952లో కోర్టు ద్వారా పేరు మార్చుకున్నాడు, లె సోనీర్ రా అని. "ఈ దేశం నన్ను పౌరుడిగా లెక్కెయ్యనప్పుడు నేను ఈ గ్రహం వాణ్ణే కాను" అనడంలో ఒక లాజిక్ ఉంది కదా? ఆయన ఇలాగే అన్నాడని కాదు, నాకు అర్థమైంది ఇది. ఇండియన్ పాస్‌పోర్టుతో ఏ ఎయిర్‌పోర్టులోనైనా గంటసేపు పక్కన నిలబడినవాళ్ళకి ఆ లాజిక్ ఇంకొంచెం తొందరగా అర్థమవుతుందేమో!

షికాగోలో ఈయన చేసిన ఒక ఉద్యోగం చాలా ముఖ్యం. 1946-47లో క్లబ్ డెలీసాలో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో పియానో వాయించాడు. హెండర్సన్ అంటే 1920ల్లో బిగ్ బ్యాండు అనే నమూనాకి ఒక రూపం తెచ్చినవాళ్ళలో మొదటి వరస మనిషి. ట్రంపెట్లు ఒక జట్టు, శాక్సఫోన్లు ఒక జట్టు, ఒకళ్ళు అడిగితే ఇంకొకళ్ళు జవాబు చెప్తారు, కింద డ్రమ్సూ బాసూ నేల చదును చేస్తుంటాయి. ఇదంతా దేనికోసం? డ్యాన్సు కోసం. బిగ్ బ్యాండు పుట్టిందే జనం కాళ్ళు కదపడానికి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, 1978 దగ్గరికొచ్చేసరికి పనికొస్తుంది.

తమాషా ఏంటంటే సన్ రా సొంత బిగ్ బ్యాండు మొదలుపెట్టేసరికి బిగ్ బ్యాండుల కాలం చెల్లిపోయింది. పదిహేనుమందికి జీతాలు, బస్సు, హోటలు.. ఎక్కడి నుంచి తెస్తారు? 1944లో డ్యాన్సులు జరిగే క్లబ్బుల మీద 30 శాతం పన్ను వేసింది అక్కడి ప్రభుత్వం, తర్వాత 20కి తగ్గించారు. దాంతో డ్యాన్సు హాళ్ళు చాలావరకు చిన్న క్లబ్బులైపోయాయి, నలుగురైదుగురి బ్యాండే గిట్టుబాటు. పైగా టీవీ వచ్చింది. అందరూ బ్యాండులు మూసేస్తుంటే ఈయన తెరిచాడు. పేరు ఆర్కెస్ట్రా. తెలుగులో రాస్తే మామూలు ఆర్కెస్ట్రాలాగే ఉంటుంది గానీ ఇంగ్లీషు అక్షరాల్లో ముందు 'ఆర్క్', చివర 'రా' కనపడేటట్టు రాస్తారు. ఆర్క్ అంటే నోవహు ఓడ, రా అంటే ఈజిప్టు సూర్యదేవుడు. ప్రళయంలో ఓడ అన్నమాట.

ఆ ఓడ మునక్కుండా ఎలా నడిచిందన్నదే నాకు సంగీతం కన్నా ఎక్కువ ఆశ్చర్యం. అందరూ ఒకే ఇంట్లో ఉండడం. 1961లో న్యూయార్క్, 1968 నుంచి ఫిలడెల్ఫియాలో జర్మన్‌టౌన్ అనే పేటలో మోర్టన్ స్ట్రీట్ మీద ఒక ఇల్లు. ఆ ఇల్లు బ్యాండులో ఆల్టో శాక్సఫోన్ వాయించే మార్షల్ అలెన్ వాళ్ళ నాన్నది. రోజూ గంటల తరబడి రిహార్సల్. తాగుడు లేదు, మత్తుమందుల్లేవు. బారిటోన్ శాక్సఫోన్ డానీ థాంప్సన్ అదే పేటలో 'ఫారోస్ డెన్' అని చిన్న కొట్టు నడిపాడు. రికార్డులు కూడా సొంత లేబులే. ఆల్టన్ అబ్రహం అనే మిత్రుడితో కలిసి 1950ల్లోనే శాటర్న్ రికార్డ్స్ పెట్టారు. కవర్లు చాలావాటికి చేత్తో బొమ్మలేసేవాళ్ళు, కచేరీల దగ్గర అమ్మేవాళ్ళు. ఏది ఎప్పుడు రికార్డయింది, ఎవరెవరు వాయించారు అన్న వివరాలు లెక్కాపత్రం లేనట్టుండేవి. ఒకే ఆల్బమ్ రెండు పేర్లతో, రెండు కవర్లతో దొరికేది. వెర్షన్ కంట్రోల్ లేకుండా ముప్ఫయ్యేళ్ళు నడిచిన ప్రాజెక్టు ఊహించుకోండి. నూటికి పైగా ఆల్బములు!

ఇక్కడ ఒక మాట. మన ఫీల్డులో ఇలాంటి కథలు వింటే చప్పట్లు కొట్టే అలవాటు మనకి. ఒకే ఇంట్లో ఉన్నారు, రాత్రింబవళ్ళు పనిచేశారు, జీతం చూసుకోలేదు, నాయకుడు మహానుభావుడు.. స్టార్టప్ ఫౌండర్ల ఇంటర్వ్యూలన్నీ ఇదే కదా. జాన్ గిల్మోర్ అని టెనార్ శాక్సఫోన్ మనిషి ఒకాయన ఉన్నాడు. జాన్ కోల్ట్రేన్ అంతటివాడు ఈయన్ని విని నేర్చుకున్నాడంటారు. 1964లో ఆర్ట్ బ్లేకీ బ్యాండులోకి వెళ్ళాడు, కొన్నాళ్ళకి తిరిగొచ్చేశాడు. 1953 నుంచి సన్ రా చనిపోయేదాకా, ఆ తర్వాత తను పోయేదాకా, అంటే 1995 వరకు, దాదాపు ఆ ఇల్లే, ఆ బ్యాండే. బయట ఉండుంటే తన పేరుతో ఎన్ని ఆల్బములు వచ్చేవో! ఆ త్యాగాన్ని మెచ్చుకోవాలో బాధపడాలో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ చేస్తుంటాను, వినే మూడ్‌ని బట్టి.

సరే, అసలు సంగతికొద్దాం. ఫంక్.

జేమ్స్ బ్రౌన్ 1960ల మధ్యలో చేసిన పని ఏంటంటే బరువునంతా బార్‌లో మొదటి దెబ్బ మీద పెట్టడం. మన తాళంలో సమం ఉంటుంది చూడండి, ఎవరెక్కడ తిరిగినా అక్కడికొచ్చి కలుస్తారు. అలాగ. ఆ ఒక్కటీ గట్టిగా పడితే మధ్యలో గిటారు, బాసు, కొమ్ములు ఎవరి గళ్ళలో వాళ్ళు చిన్న చిన్న ముక్కలు వాయించుకోవచ్చు. అన్నీ కలిపితే చక్రంలా తిరుగుతుంది. 1970ల్లో జాజ్ వాళ్ళు కూడా ఇటు చూశారు. మైల్స్ డేవిస్ 'ఆన్ ద కార్నర్' 1972, హెర్బీ హాన్‌కాక్ 'హెడ్ హంటర్స్' 1973. హెర్బీది బాగా అమ్ముడుపోయింది, మైల్స్‌ది వచ్చినప్పుడు జాజ్ విమర్శకులు చీల్చి చెండాడారు. ఇద్దరి మీదా వచ్చిన నేరారోపణ ఒకటే, డబ్బు కోసం దిగజారారని. 1975లో జార్జ్ క్లింటన్ బృందం పార్లమెంట్ 'మదర్‌షిప్ కనెక్షన్' అని ఆల్బమ్ తెచ్చింది, మరుసటేడు నుంచి స్టేజి మీదికి ఏకంగా అంతరిక్ష నౌకనే దింపడం మొదలుపెట్టారు. వేలమంది జనం. నల్లవాళ్ళు, అంతరిక్షం, మెరుపు దుస్తులు. సన్ రా ఇరవయ్యేళ్ళుగా పట్టుకు తిరుగుతున్న సరంజామా అంతా! ఆయన మాత్రం ఆ టైములో ఫిలడెల్ఫియా ఇంట్లో పదిమందికి అన్నం ఎలా పెట్టాలా అని చూసుకుంటున్నాడు.

ఈ పరిస్థితిలో 1978 మే 20న ఆర్కెస్ట్రా 'సాటర్డే నైట్ లైవ్'లో కనిపించింది, దేశమంతా చూసే టీవీ షో. రెండు నెలలు తిరక్కుండా ఈ రికార్డింగ్. ఫిలడెల్ఫియాలో టామ్ బుక్లర్ అనే ఆయన నడిపే ఫిలీ జాజ్ అనే బుల్లి లేబుల్ కోసం.

శాటర్న్ రికార్డులు విన్నవాళ్ళకి తెలుసు, చాలావాటిలో శబ్దం పక్కింట్లోంచి వస్తున్నట్టుంటుంది. రిహార్సల్ గదిలో టేప్ రికార్డరు పెట్టి తీసినవి మరి. 'లాంక్విడిటీ'లో తేడా మొదటి పది సెకన్లలో తెలిసిపోతుంది. డిస్కో ఇంజినీరు దగ్గరికెళ్తే ఏమొస్తుంది? బాసు వస్తుంది. డ్రమ్ము దెబ్బ పొట్టలో తగులుతుంది. మల్టీట్రాకు కాబట్టి ఎవరి గీత వాళ్ళకి విడిగా ఉంటుంది. ఎడమవైపు ఒక గిటారు, కుడివైపు ఇంకోటి, మధ్యలో ఫెండర్ రోడ్స్ పియానో పొగలాగ. అవాంగార్డ్ బ్యాండు అంటే మనం ఊహించుకునే గందరగోళాన్ని ఓ పద్ధతి ప్రకారం అలమారాలో సర్దినట్టు.

మొదటి ట్రాకు ఆల్బమ్ పేరుదే. ఎనిమిది నిమిషాలు. ఎంత నెమ్మదిగా నడుస్తుందంటే ఆగిపోతుందేమోనని భయమేస్తుంది. కొమ్ములన్నీ కలిసి ఒక పెద్ద ఊపిరి తీసుకుని వదులుతాయి, మళ్ళీ తీసుకుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయాక వాకిట్లో మడతమంచం మీద పడుకున్నప్పటి స్థితి. ఫంక్ అంటే ఎగిరి గంతెయ్యడమే అనుకునేవాళ్ళకి ఇది ఫంకేనా అని డౌటొస్తుంది. లుక్మాన్ అలీ డ్రమ్స్ మీద దృష్టి పెట్టి వినండి. ఆయన ఒక్కసారి కూడా తొందరపడడు. ఇంత నిదానంలో అందరూ ఒకే చోట సమానికి రావడం, వేగంగా వాయించడం కన్నా కష్టమైన పని. రోజూ గంటల తరబడి చేసిన రిహార్సల్ ఇక్కడ కనపడుతుంది.

రెండోది 'వేర్ పాత్‌వేస్ మీట్'. ఊరేగింపు. బారిటోన్ శాక్సఫోన్లు కింద బరువుగా ఒకే ముక్కని తొక్కుకుంటూ పోతాయి. మూడోది 'దట్స్ హౌ ఐ ఫీల్', ఎడ్డీ గేల్ ట్రంపెట్టూ గిల్మోర్ టెనారూ మార్షల్ అలెన్ ఓబో ఉన్నాయి అందులో. ఓబో ఎక్కడైనా ఫంక్‌లో విన్నారా? సన్నాయికి దూరపు చుట్టం అది. ఆ కాస్త ముక్కుగొంతు శబ్దం మన చెవికి కొత్తగా ఉండదు, బాసు మీద పాములాగ మెలికలు తిరుగుతూ పోతుంది.

నాలుగోది 'ట్విన్ స్టార్స్ ఆఫ్ థెన్స్'. ఆల్బమ్‌లో అసలుసిసలు ఫంక్ ఇదే. రిచర్డ్ విలియమ్స్ బాసు గిటారు రబ్బరు బంతిలా ఎగురుతుంటుంది. తొమ్మిదిన్నర నిమిషాలు దాదాపు అదే చక్రం. నేనీ ఆల్బమ్ మొదటిసారి విన్నది ఓ ప్రొడక్షన్ రిలీజ్ రాత్రి, క్లయింటు వైపు నుంచి ఓకే వచ్చేదాకా కదలడానికి లేదు. ఈ ట్రాకు దగ్గర పక్క సీటాయన "ఏంటి బాసూ, కాలు ఆగట్లేదు?" అన్నాడు. హెడ్‌ఫోన్ ఒకటి ఆయనకిచ్చాను. కొద్దిసేపు విని, "బానే ఉంది గానీ పైన ఆ కొమ్ములు ఎవరి గోల వాళ్ళది వాయిస్తున్నారేంటి?" అన్నాడు. అంతకన్నా మంచి రివ్యూ నేను ఎక్కడా చదవలేదు. కింద చక్రం, పైన ఎవరి దారి వాళ్ళది.

ఈ ట్రాకులో, మిగతావాటిలో గిటారు వాయించిన ఇద్దరిలో ఒకాయన పేరు డేల్ విలియమ్స్. రెండో ఆయన పేరు కవరు మీద 'డిస్కో కిడ్' అని మాత్రమే వేశారు. అంత గొప్ప వాయిద్యానికి క్రెడిట్ అది! అదే కవరు మీద జేమ్స్ జాక్సన్ పేరు పక్కన బసూన్, ఫ్లూట్‌లతో పాటు 'ఇన్ఫినిటీ డ్రమ్' అని కూడా ఉంటుంది. పిడుగు పడిన చెట్టు మొద్దుని తొలిచి ఆయనే చేసుకున్న డ్రమ్ము. ఒక పక్క మినీమూగ్ సింథసైజరు, ఇంకో పక్క పిడుగు పడిన మాను. ఒకే రికార్డింగులో.

చివరిది 'దేర్ ఆర్ అదర్ వరల్డ్స్', దాదాపు పదకొండు నిమిషాలు. పూర్తి పేరు ఇంకా పొడుగు, అర్థం ఏంటంటే వాళ్ళు మీకు చెప్పని లోకాలు వేరే ఉన్నాయని. జూన్ టైసన్, ఇంకొందరు గుసగుసగా మాట్లాడతారు, వెనకాల ఫంక్ చక్రం కరిగిపోయి తేలుతుంటుంది. 'వాళ్ళు' ఎవరు? బర్మింగ్‌హామ్‌లో 1914లో పుట్టిన నల్లకుర్రాడికి 'ఇది నీ బడి, ఇది నీ కుళాయి, ఇది నీ హద్దు' అని చెప్పిన వాళ్ళే అనుకుంటాను నేను. అలా చూస్తే ఆ గుసగుస సైన్స్ ఫిక్షన్‌లాగ వినిపించదు. అన్నట్టు దీనికి ముందు ఏడాదే, 1977లో, నాసా వాయేజర్ నౌకల్లో బంగారు రికార్డు పెట్టి పంపింది. అందులో మన కేసర్‌బాయ్ కేర్కర్ పాట ఉంది, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు, చక్ బెర్రీ ఉన్నాడు. శనిగ్రహం దాకా వెళ్ళే బండిలో శనిగ్రహం వాడికి మాత్రం చోటు దొరకలేదు :)

మరి ఇంత బాగుంటే ఎందుకు మరుగున పడింది? డిస్కో జనానికి ఈ ఆల్బమ్ ఉందని చేరవేసే శక్తి ఫిలీ జాజ్‌కి లేదు. జాజ్ జనానికేమో చేరినా మింగుడు పడలేదు. సన్ రా అంటే వాళ్ళకి 1960ల న్యూయార్క్, 'ద మ్యాజిక్ సిటీ' లాంటి తుఫాను. పుట్టిన ఊరి బోర్డు మీది మాటే ఆ ఆల్బమ్‌కి పేరు, అది వేరే కథ. అలాంటివాడు బాసు గిటారు పెట్టి కాలు ఊపేలా వాయిస్తే, పోనీలే ముసలాయన ఏదో సరదా పడ్డాడు అని పక్కన పెట్టేశారు. నూరు ఆల్బములున్న మనిషి దగ్గర ఒకటి పక్కన పెట్టడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

ఆ 'దిగజారాడు' అనే మాట దగ్గర నాకు ఒప్పుకోబుద్ధి కాదు. డ్యాన్సు హాలు నుంచి వచ్చినవాడు డ్యాన్సు బీటు దగ్గరికెళ్తే దిగజారడం ఎలా అవుతుంది? 1956లోనే ఎలక్ట్రిక్ పియానో వాయించాడు, అప్పటికి జాజ్‌లో దాన్ని ముట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. అదే కాలంలో షికాగో వీధి గాయక బృందాలకి పాటలు నేర్పి రికార్డులు తీశాడు. 1966లో పిల్లల కోసం 'బ్యాట్‌మన్ అండ్ రాబిన్' అని చవక ఆల్బమ్ ఒకటొస్తే అందులో ఆర్గన్ ఈయనదే. బతకడానికి చేసే పనికీ, శనిగ్రహానికీ మధ్య ఆయన ఎప్పుడూ గోడ కట్టుకోలేదు. 1978 జనవరిలో ఇటలీలోని మిలాన్‌లో నలుగురితో 'డిస్కో 3000' చేశాడు, 1979లో 'ఆన్ జూపిటర్', 'స్లీపింగ్ బ్యూటీ' వచ్చాయి. ఏదో ఒక్క రాత్రి సరదా కాదు, రెండేళ్ళపాటు పట్టుబట్టి చేసిన పని. నన్నడిగితే వీటిలో 'స్లీపింగ్ బ్యూటీ' ఇంకా మెత్తన, 'డిస్కో 3000' ఇంకా పెళుసు. 'లాంక్విడిటీ' రెండిటి మధ్యా సరిగ్గా ఉడికింది.

ఫంక్ వైపు అసలు లాభపడింది ట్రంపెట్ కుర్రాడు మైకేల్ రే. తర్వాత కూల్ అండ్ ద గ్యాంగ్‌లో చేరాడు, 1980లో వాళ్ళ 'సెలబ్రేషన్' ప్రపంచమంతా మోగింది. ఆర్కెస్ట్రాకీ వస్తూపోతూ ఉండేవాడు. ఒక ఇల్లు అన్నం పెట్టకపోతే ఇంకో ఇంట్లో తిని వచ్చి ఇక్కడ వాయించడం.

సన్ రా 1993 మే 30న అదే బర్మింగ్‌హామ్‌లో పోయాడు. 'లాంక్విడిటీ' సీడీ రూపంలో బయటికొచ్చింది 2000లో, ఎవిడెన్స్ అనే లేబుల్ నుంచి. అంటే 22 ఏళ్ళు పాత సామాన్ల కొట్లలో వెతుక్కున్నవాళ్ళదే రాజ్యం. 2021లో స్ట్రట్ వాళ్ళు పెద్ద పెట్టె ఒకటి తెచ్చారు. అందులో బాబ్ బ్లాంక్ చేసిన వేరే మిక్సులు కూడా ఉన్నాయి. అవి 1978లో జార్జియా టెక్‌లో ఆర్కెస్ట్రా కచేరీ కోసం కొద్ది కాపీలు మాత్రమే వేసినవి. జార్జియా టెక్‌లో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళు ఎంతమందో! ఆ క్యాంపస్‌కి ఇలాంటి చరిత్ర ఒకటుందని వాళ్ళలో ఎంతమందికి తెలుసో. పెట్టె రాకముందే, 2020లో, డానీ థాంప్సనూ ఎడ్డీ గేలూ ఇద్దరూ వెళ్ళిపోయారు. మార్షల్ అలెన్‌కి 2024 మే 25న నూరేళ్ళు నిండాయి, 2025లో తన సొంత పేరుతో మొదటి సోలో ఆల్బమ్ తెచ్చాడు.

వినదల్చుకుంటే ఒక సలహా. ఫోను స్పీకర్లో వద్దు, బాసు మొత్తం పోతుంది, అప్పుడిక మిగిలేది ఆ 'గోల' ఒక్కటే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగో ట్రాకుతో మొదలెట్టండి. నచ్చితే వెనక్కెళ్ళి మొదటిది వినండి. చివరిది మాత్రం ఇంట్లో అందరూ పడుకున్నాక.